తీగె కొరకు కనిపెట్టువారు

ధ్యాన భాగము: యోహాను సువార్త 5:1-9



యెరూషలేములో గొఱ్ఱెల ద్వారము నొద్ద బేతెస్ద అను కోనేరు ఉండెను. దాని చుట్టు అయిదు మంటపములు. ఆ మంటపములలో రోగులు కిక్కిరిసి పడియుండిరి. నీళ్లు కదలినప్పుడు అందరికంటె ముందు దిగినవానికి మేలు కలుగునని వారి నమ్మకము. దూత వచ్చి నీళ్లు కదలించుటను గూర్చిన వచనము మిక్కిలి ప్రాచీనమైన ప్రతులలో కానరాదని పండితులు చెప్పుదురు. దానిని గూర్చి మనము ఇప్పుడు వాదింపబోము. ఏడవ వచనములో ఒక రోగి నోట వచ్చిన మాట మనకు చాలును.

అతడు 38 ఏండ్లుగా వ్యాధితో ఉన్నవాడు. ప్రభువు అతని యొద్ద నిలిచి, బాగుపడవలెనని నీకున్నదా అని అడిగెను. మనమైతే అవును అవును అని కేక వేసియుందుము. అతడు అట్లనలేదు. తనను నీళ్లలో దింపుటకు మనిషి లేడనియు, తాను ప్రాకి పోవులోగా మరియొకడు దిగిపోవుచున్నాడనియు చెప్పెను. ప్రభువు అడిగినది ఆశను గూర్చి; అతడు చెప్పినది వరుసను గూర్చి. చిరకాలము కనిపెట్టి కనిపెట్టి విసిగినవాడు ఇట్లే మాటలాడును. వానిలో ఆశ ఆరిపోయి లెక్క మాత్రమే మిగులును.

పల్లెలో పుట్టిన మనకు ఈ మాట క్రొత్తది కాదు. ఏదో ఒక కచేరీ అరుగు మీద మనము దీనిని విననివారము కాము. కాగితము పట్టుకొని ఏ పనికి పోయినను, దారిలో కనబడినవారు మొదట అడుగునది ఒక్కటే. "ఆ ఆఫీసులో మనవాళ్లెవరన్నా ఉన్నారా?" ఉన్నారన్న యెడల పని అయినట్టే. లేరన్న యెడల, "అయితే తిరగాల్సిందే" అందురు. బేతెస్దలో పడియున్నవాడు మన ఊరివాడే అని మనకు తోచుట లేదా?

ఈ నెల మేము ఆ మాటను టెలిఫోను సంగతితో కలిపి ధ్యానింప తలంచితిమి. సంఘ పత్రికలో టెలిఫోను ఏమిటి, ఆత్మీయ విషయములు కరవైనవా, అని పెద్దలెవరైనను అడుగవచ్చును. ప్రభువు ఆ రోగితో మాటలాడినప్పుడు అతని పరుపును గూర్చి కూడ మాటలాడెను గదా.

మన దేశములో కలకత్తా, బొంబాయి, మదరాసు పట్టణములలో టెలిఫోను ఎక్స్చేంజీలు 1882వ సంవత్సరములోనే ప్రారంభమాయెను. అది మొదలుకొని నూరేండ్లు గడచినను పల్లెకు తీగె రాలేదు. 1994లో కేంద్ర ప్రభుత్వము ప్రకటించిన జాతీయ టెలికం విధానములోనే లెక్క స్పష్టముగా వ్రాసిరి. దేశమంతటిలో సుమారు 80 లక్షల లైనులు. పేర్లు వ్రాయించుకొని కనిపెట్టువారు సుమారు 25 లక్షలు. 5,76,490 గ్రామములలో టెలిఫోను చేరినవి సుమారు 1 లక్ష 40 వేలు. నూరుమందికి ఒక్క టెలిఫోను కూడ లేదు. 1997 నాటికి గ్రామములన్నిటికిని టెలిఫోను ఇచ్చెదమని ఆ కాగితములోనే వాగ్దానము చేసిరి. 1999లో క్రొత్త విధానము వ్రాయునప్పటికి ఇంకను 2 లక్షల 90 వేల గ్రామములు మిగిలియుండెను. అప్పుడు గడువును 2002కు జరిపిరి. వాగ్దానము చేయువాడు మనుష్యుడైన యెడల గడువు ఇట్లు జరుగుచుండును. సామెతల గ్రంథము 13వ అధ్యాయములో, కోరినది ఆలస్యమగుట వలన హృదయమునకు కలుగు వ్యాధిని గూర్చి సొలొమోను చెప్పిన మాటను ఆ దినములలో పల్లెవారు అనుభవముతోనే ఎరిగిరి.

ఆ కనిపెట్టుట ఎట్టిదో మన పిల్లలకు తెలియదు. దరఖాస్తు వ్రాసి డిపాజిట్టు కట్టినప్పుడు ఒక నంబరు ఇచ్చుచుండిరి. ఆ రసీదును బైబిలులోనో బియ్యపు డబ్బాలోనో భద్రముగా దాచుకొనిన తల్లులున్నారు. తరువాత ఎక్స్చేంజిలో ఖాళీ ఉండవలెను. ఖాళీ ఉన్న యెడల ఆ ఊరి వరకు స్తంభములు ఉండవలెను. స్తంభములు ఉన్నను తీగె రావలెను. ఇవన్నియు కుదిరిన పిమ్మట డిమాండు నోటు వచ్చును, సొమ్ము కట్టవలెను, అప్పుడు లైనుమాను కొరకు చూడవలెను. పోయి అడిగినవారికి, "ఇంకా ఫీజిబుల్ కాలేదమ్మా" అను జవాబు. ఫీజిబుల్ అనగా ఏమో తెలియని ముసలమ్మ అది ఏదో ఆఫీసరు పేరనుకొని, "ఆయన ఎప్పుడొస్తారు బాబూ?" అని అడిగినదని మన పల్లెలలో చెప్పుకొందురు. నవ్వు వచ్చును గాని, అందులో నవ్వవలసినది ఆమెను చూచి కాదు.

తీగె వచ్చినంత మాత్రమున పని తీరలేదు. చెట్టు కొమ్మ విరిగి పడిన యెడల ఫోను మూగబోవును. రాగి తీగెకు ధర ఉన్నందున దొంగలు కత్తిరించుకొని పోవుదురు. 1996 నవంబరు తుఫానులో కోనసీమలో కొబ్బరిచెట్లతో పాటు స్తంభములును నేలకు ఒరిగెను. ఇంకొక సంగతి కూడ చెప్పవలెను. అనేక గ్రామములలో స్తంభములు నడివీధి వరకు వచ్చి, మన పేట మొదట ఆగిపోయినవి. అక్కడ ఎందుకు ఆగెనో మన పెద్దలకు ఎవరును విప్పి చెప్పనక్కరలేకపోయెను.

తీగెను పల్లెకు చేర్చుటకు పాటుపడినవారిని కూడ తలంచుకొనుట న్యాయము. పరదేశముల నుండి తెచ్చిన ఎక్స్చేంజి యంత్రములకు చల్లని గదులు కావలెను. మన పల్లెల ఎండకు, దుమ్ముకు, మాటిమాటికి పోవు కరెంటుకు అవి ఓర్వలేవు. 1984లో స్థాపింపబడిన సి-డాట్ అను ప్రభుత్వ సంస్థలో మన దేశపు ఇంజనీర్లు చల్లని గది అక్కరలేని చిన్న గ్రామీణ ఎక్స్చేంజిని తయారుచేసి, 1986లో కర్ణాటకలోని కిత్తూరులో మొదటిది నెలకొల్పిరి. అది 128 లైనులది. ఆ ఇంజనీర్లు పల్లెను పట్టణముగా మార్చబూనక, పల్లెకు తగిన యంత్రమును చేసిరి. సువార్తికులు కూడ దీనిని గమనించుట మంచిది.

ఇక్కడ 128 అను లెక్కను మనము మరువరాదు. లైనులు లెక్కకు మించి ఉండవు. నిండిపోయిన తరువాత ఒకరు విడిచిపెట్టిన గాని, పెట్టె పెద్దది చేసిన గాని, మరియొకరికి దొరకదు. కాబట్టి వరుసలో పదవవాడుగా ఉన్నవాడు ఎవరివో చేతులు తడిపి మొదటికి వచ్చిన యెడల, ఆ లైను ఆకాశము నుండి ఊడిపడినది కాదు. అది ముందున్నవారిది. వారిలో ఒకరు విధవరాలు కావచ్చును. లంచము చూపు గలవానిని గ్రుడ్డివానిగా చేయునని మోషే ధర్మశాస్త్రము హెచ్చరించుచున్నది. పుచ్చుకొనువాడే గాక ఇచ్చువాడు కూడ గ్రుడ్డివాడగునని మనము చేర్చుకొనవచ్చును, ఏలయనగా తన ముందున్న మనుష్యుడు వానికి కనబడడు. ఆ దినములలో ఓ.వై.టి. అను పద్ధతి ఒకటి చట్టబద్ధముగానే ఉండెను. ఎక్కువ డిపాజిట్టు కట్టగలవారికి వేరొక వరుస, త్వరగా సాగునది. అది లంచము కాదు, నిజమే. అయినను బంగారు ఉంగరము ధరించి వచ్చినవానికి మంచి పీట వేసి, బీదవానిని నిలువబెట్టువారిని గూర్చి యాకోబు తన పత్రిక రెండవ అధ్యాయములో వ్రాసినది ఆ వరుసను చూచినవారికి జ్ఞాపకము రాకపోదు.

అయితే ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. మనిషి లేడని రోగి మొఱ్ఱపెట్టెను. ఆ మనిషిని సంపాదించుకొనుటయే మార్గమని లోకము చెప్పుచున్నది. "మనవాడు" ఒకడు లోపల ఉండవలెను. కాని మనవాడు మనలను మోసికొనిపోయి నీళ్లలో దింపునప్పుడు, అవతలి మంటపములో పడియున్న మరియొకడు వెనుకబడును. మనకు మేలు చేసిన మనవాడే వానికి కీడు చేసిన మరియొకడు. ప్రభువు ఏమి చేసెనో చూడుడి. ఆయన ఆ రోగిని ఎత్తుకొని జనమును త్రోసికొనుచు కోనేటిలోనికి పరుగెత్తలేదు. ఎవని వరుసయు లాగికొనలేదు. నిలిచియున్న చోటనే అతనిని లేపెను. ఆ దినమున అతడు నడచుచుండగా, తన వంతు పోయెనని ఏడ్చినవాడు ఆ అయిదు మంటపములలో ఒక్కడును లేడు. మనిషి లేనివానికి మనిషిగా నిలుచుట అనగా ఇది. మన సంఘములకు ఇది చేతనగునా?

చేతనైనవారు మన మధ్యనే ఉండిరి. పి.పి. నంబరు అను మాట నలువది దాటినవారికి తెలియును. ఇంట ఫోను లేనివారు ప్రక్కింటి నంబరును వ్రాసి, దాని ప్రక్కన పి.పి. అని గుర్తు పెట్టుచుండిరి. కోనసీమ నుండి, కడప నుండి మన ఆడపడుచులు కువైటుకు పనికి పోయిన కాలమది. అక్కడ శుక్రవారము సెలవు. శుక్రవారము వచ్చినదనగా ఇక్కడ ఫోనున్న యింటి అరుగు మీద తల్లులు, మగలు, తల్లికి దూరమైన పసివారు కూర్చుండియుందురు. ఎవరి పిల్ల పిలిచినను ఆ యింటివారు ఒక కుఱ్ఱవానిని పరుగెత్తించుచుండిరి. "పిన్నీ, మీ అమ్మాయి ఫోను చేసింది! పది నిమిషాల్లో మళ్లీ చేస్తుందంట, తొందరగా రా!" ఆమె పొయ్యి మీద కూడు దించి, పైట సవరించుకొనుచు, రొప్పుచు వచ్చును. ఒక్కొక్కప్పుడు ఆమె గడపలో అడుగు పెట్టునప్పటికి లైను తెగిపోవును. రెండవ మారు మ్రోగిన యెడల, బిడ్డ గొంతు విని ఏడ్చుటకే ఆ నిమిషములు చాలక, చెప్పవలసిన మాట మరచి వెళ్లిపోవును.

ఆ ఫోను గల యింటివారిని గూర్చి మనము ఎన్నడైనను ఆరాధనలో స్తుతి చెల్లించితిమా? విసుగుకొని, నంబరు ఎవరికిని ఇవ్వవద్దని చెప్పినవారు లేకపోలేదు. కాలుకు ఇంత అని పుచ్చుకొనినవారును ఉండిరి. అయినను ఎందరో గృహిణులు తమ కంచములో అన్నము చల్లారుచుండగా లేచి, రాత్రి పదింటికి లాంతరు పట్టుకొని పేట చివరి వరకు పోయి, తమకు ఏమియు కాని మనుష్యులను పిలుచుకొని వచ్చిరి. మరణవార్తలు మొదట వారే వినిరి. దానిని తల్లికి ఎట్లు చెప్పవలెనో ఆ కొలది అడుగుల దూరములో వారే తలంచుకొనవలసి వచ్చెను. ఏ బైబిలు తరగతిలోను అది వారికి ఎవరును నేర్పలేదు. తీగె వారి యింట ఆగెను గాని, వారు దానిని తమ కాళ్లతో పేట అంతట లాగిరి. తరువాతి కాలమున పసుపు రంగు బోర్డులతో ఎస్.టి.డి. బూతులు వచ్చినప్పుడు, అంగవైకల్యము గలవారికి వాటిని ఇచ్చుటలో ప్రాధాన్యము చూపిరి. నడువలేనివాడు ఒక పెట్టెలో కూర్చుండి ఊరందరి మాటలను దూరదేశములకు నడిపించుట మన కండ్లతో చూచితిమి.

లెక్కలలో ఉండి పనిలో లేని ఫోనులను గూర్చియు ఒక మాట. తీగె లాగుట కష్టమైన గ్రామములకు ఎమ్.ఎ.ఆర్.ఆర్. అను రేడియో పద్ధతితో పంచాయతీ ఫోనులు పెట్టిరి. అవి చాలవరకు సరిగా పనిచేయనందున, వాటిని మార్చుటకు 2002లో ఏర్పడిన సార్వత్రిక సేవా నిధి నుండి సొమ్ము కేటాయింపవలసి వచ్చెను. అంతవరకు ఆ గ్రామములకు టెలిఫోను ఉన్నదనియే రిజిస్టరులో ఉండెను. సార్దీసు సంఘమునకు ప్రభువు వ్రాయించిన ఉత్తరము ఇట్టిదే: పేరు చూడగా జీవము, దగ్గరకు పోగా మరణము. మన సంఘపు రిజిస్టరులో ఎన్ని కుటుంబములు ఉన్నవో పాదిరిగారు చెప్పగలరు. వాటిలో ఎన్నింటిని పిలిచిన పలుకునో?

ఇప్పుడు చేతిచేతికి సెల్‌ఫోను వచ్చెను గదా, ఈ పాతకథ దేనికని యౌవనస్థులు అడుగుదురు. ఏజెన్సీ కొండలలో నివసించు మన సహోదరులను అడుగుడి. 2021 నవంబరులో కేంద్ర మంత్రిమండలి మన ఆంధ్రప్రదేశ్ కూడ చేరిన అయిదు రాష్ట్రములలో 7,287 గ్రామములకు సెల్ సేవ కల్పించుటకు తీర్మానించెను. 2022 జూలైలో దేశమంతట ఇంకను సేవ అందని 24,680 గ్రామముల కొరకు 26,316 కోట్ల రూపాయల పథకమును అంగీకరించెను. బొంబాయిలో, మదరాసులో ఎక్స్చేంజి మ్రోగిన 140 ఏండ్లకు! 2020లో బడులు మూతపడినప్పుడు, పాఠము వినుటకు పిల్లలు సిగ్నలు దొరకు మెట్టలను వెదకికొనుచు పోయిరి. 108 అంబులెన్సు 2005 ఆగస్టు 15న మన రాష్ట్రములో ప్రారంభమై ఎన్ని ప్రాణములనో కాపాడెను, దేవునికి స్తోత్రము. అయితే ఆ మూడు అంకెలు నొక్కుటకు సిగ్నలు కావలెను. ప్రసవవేదన పడు స్త్రీని డోలీలో మోసికొనుచు కొండ దిగువారు, సిగ్నలు దొరకు మలుపు వరకు వచ్చిన గాని ఎవరినైనను పిలువలేని చోట్లు ఉన్నవి. మైదానపు పల్లెలలో సయితము చెరువు గట్టు మీద మాత్రమే మాట వినబడు ఊళ్లు లేకపోలేదు.

మన ప్రసంగములలో ఒక మాట వాడుకయైనది. దేవుని ఫోను నంబరు యిర్మీయా 33:3 అనియు, ఆ లైను ఎన్నడును ఎంగేజి కాదనియు, బిల్లు లేదనియు ఆదివారపు బడిలో పిల్లలకు నేర్పుదుము. మంచిదే. మేమును దానిని నమ్ముచున్నాము. ఆయన యొద్దకు పోవుటకు దరఖాస్తు అక్కరలేదు, లోపల మనవాడు ఒకడు ముందే ఉన్నాడు. కాని డోలీ మోయువానితో ఈ మాట చెప్పి మనము ఇంటికి పోరాదు. చలితో ఉన్నవానికి బట్టయు, ఆకలిగొన్నవానికి అన్నమును ఇయ్యక, దీవించి పంపివేయువానిని గూర్చి యాకోబు వ్రాసినది చదువుడి. దేవునితో మాటలాడుటకు తీగె అక్కరలేదు. అంబులెన్సును పిలుచుటకు అక్కర ఉన్నది. ఈ రెండును నిజమే, ఒకటి రెండవ దానికి జవాబు కాదు.

మాకు మిక్కిలి దుఃఖము కలిగించునది ఆలస్యము కాదు. "మన ఊరికి రాదులే" అను మాట. అర్జీ పెట్టుదమన్న యెడల, "పెట్టాంలే, చాలాసార్లు పెట్టాం" అందురు. ప్రభువు ఆ రోగిని మొదట ఆశను గూర్చియే ఎందుకు అడిగెనో ఇక్కడ తెలియుచున్నది. లూకా సువార్త 18వ అధ్యాయములోని విధవరాలికి కూడ మనిషి లేడు. డబ్బు లేదు, న్యాయాధిపతికి దేవుని భయము లేదు. ఆమెకు ఉన్నది మరల పోవుట ఒక్కటే. మన తెలుగు బైబిలులో ఆమె చేసిన దానికి గోజాడుట అను ముచ్చటైన మాట వాడిరి. మూలభాషలో ఆ మాటకు కంటి క్రింద గ్రుద్దుట అని అర్థము. చేతిలో కఱ్ఱ లేని స్త్రీని చూచి ఆ న్యాయాధిపతి అంత మాట తలంచెను!

గోజాడుటకు నేడు మార్గములు లేకపోలేదు, అవి లంచము కాదు, ఒకరి వరుస లాగికొనుట కాదు. ఒక యింటి కొరకు కాక పేట అంతటి కొరకు, మన విశ్వాసులు కానివారిని కూడ కలుపుకొని, ఒకే అర్జీ వ్రాయవచ్చును. గ్రామసభలో తీర్మానము చేయించవచ్చును. సోమవారము కలెక్టరుగారి కార్యాలయములో అర్జీలు పుచ్చుకొందురు. ప్రభుత్వపు టెలికం సంస్థను అడుగవలసిన యెడల, 2005 నాటి సమాచార హక్కు చట్టము క్రింద 10 రూపాయల రుసుముతో, మా ఊరి టవరు పని ఏ దశలో ఉన్నదని వ్రాసి అడుగవచ్చును; 30 దినములలో జవాబు ఇయ్యవలెను. ఆ జవాబు "ఇంకా ఫీజిబుల్ కాలేదు" అనియే వచ్చిన యెడల, ఎందుకు కాలేదని మరల అడుగవచ్చును.

కాబట్టి ఈ నెల స్త్రీల సమాజపు కూటములో ప్రార్థన అయిన పిమ్మట ఒక కాగితము తీసికొనుడి. మీ పేటలో ఏ యింట మాట వినబడదో, ఏ యింట గర్భిణులు, ముసలివారు, ఒంటరివారు ఉన్నారో వ్రాయుడి. అర్జీ వ్రాయుటకు చదువుకొనిన పిల్లలు తోడ్పడవలెను. సంతకము రాని తల్లులు వేలిముద్ర వేయవచ్చును. కార్యాలయమునకు వారిని ఒంటరిగా పంపక, సంఘ పెద్దలలో ఇద్దరు కూడ పోవలెను. బస్సు చార్జీ ఆ ఆదివారపు కానుకలో నుండి తీయుటకు కమిటీవారు అభ్యంతరము చెప్పరని నమ్ముచున్నాము. రసీదు అడిగి తీసికొనుడి. దాని మీద తేదీ ఉన్నదో లేదో అక్కడే చూచుకొనుడి.